పైపొర పేరు పాలు

అచ్చు మిషన్ బొమ్మని జుట్టు దగ్గర మొదలుపెట్టింది. ఆ చివర నుంచి ఈ చివరకి ఒకసారి, ఈ చివర నుంచి ఆ చివరకి ఒకసారి, బర్రుమంటూ వెళ్ళి వస్తూ, వెళ్ళినప్పుడల్లా వేలెడు వెడల్పు కూడా లేని రంగు పట్టీని కాన్వాసు మీద వదిలి, ఒక్క క్షణం ఊపిరి తీసుకుని మళ్ళీ బయల్దేరుతోంది. మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు, గంట పడుతుందండి అన్నాడు ఆపరేటరు. గంట కాకపోతే రెండు గంటలు పట్టనీ, ఇది పూర్తిగా బయటికొచ్చేదాకా నేనీ కుర్చీలోంచి లేచేది లేదంది చిన్నది. నలభై ఒకటి నిండినా ఇంట్లో ఆమె చిన్నదే, అక్క ఉన్నన్నాళ్ళూ చిన్నదే. ప్లాస్టిక్ కుర్చీని ఈడ్చుకొచ్చి మిషన్ మూతికి ఎదురుగా వేసుకుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని, కాపలా కుక్కలా కూర్చుంది. ఎవరైనా దగ్గరికొస్తే కరిచేలాగే ఉంది కూడా. ఆపరేటరు ఆ సంగతి కనిపెట్టి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, గదికి ఆ మూల కంప్యూటరు వెనక తల దాచుకున్నాడు. పాపం పెద్దమనిషే, అతని తప్పేం లేదు, ఎవరో ఫోన్ చేసి చెప్పింది చేశాడు, కానీ కోపానికి ఎదురుగా ఎవరో ఒకరు కావాలి కదా, పొద్దున పదింటి నుంచి అతనే దొరికాడు.

వెనక బల్ల మీద పొద్దున అచ్చేసింది పడుంది. దాని వంక చూడకూడదని అనుకుంటూనే మెడ తిప్పి తిప్పి చూస్తోంది, నొప్పి పెట్టే పంటిని నాలుకతో తడిమినట్టు. ముక్కు అక్కదే. ఎదుటివాడు చెప్పేది సగమే నమ్ముతున్నట్టు ఎడమ కనుబొమ్మ కాస్త పైకి లేచి ఉండటం, అదీ అక్కదే. డ్రైవరు చొక్కా, జేబు మీద డిపో బిళ్ళ, అన్నీ అక్కవే. మనిషి మాత్రం అక్క కాదు, అక్క మొహాన్ని నాలుగు రోజులు అద్దెకి తీసుకున్న ఎవరో తెల్లటావిడ. చెంప మీద వెలుగు లేదు, గెడ్డం కింద లోతు లేదు, కొత్తగా సున్నం కొట్టిన గోడకి కళ్ళూ ముక్కూ అతికించినట్టుంది. రేపు పదకొండింటికి ఈ తెల్లటావిడని తీసుకెళ్ళి డిపోలో డ్రైవర్ల విశ్రాంతి గదిలో గోడకి తగిలిస్తారట. ఇరవై ఆరేళ్ళు ఆ డిపోలో బస్సు తోలింది నల్లటి మనిషి, గోడ మీద ఉండబోయేది తెల్లటావిడ! ఆ డిపోలో స్టీరింగు పట్టిన మొదటి ఆడమనిషి మా అక్క, అంతకుముందు ఎవరూ లేరు, తర్వాత వచ్చిన నలుగురికీ నేర్పింది కూడా మా అక్కే, ఈ ఏడు కంటి పరీక్షలో ఒక కన్ను సరిగా లేదని తేల్చి బస్సు దింపేసి, ఊరికి ఆ చివర విడిభాగాల స్టోర్సులో ఒక కుర్చీ చూపించారు, పంపించేటప్పుడు పటం పెడతామన్నారు, చెల్లెలు బొమ్మలేస్తుందటగా, ఆమెనే వెయ్యమనండి అన్నారు. వేసింది. తన జన్మలో ఇంత బాగా ఇంకెవరినీ వెయ్యలేదు. దాని మీద పాలు పోశారు.

పోయమన్నదెవరని పొద్దున మొహం మీద అరిస్తే, మీ ఇంటి నుంచే ఫోన్ వచ్చిందండి, పైన పాలు అని ఒక లేయరుంది, దాన్ని ఆపేసి ఉంచారు, ఆన్ చేసి వెయ్యండి అని చెప్పారు, ఇంటివాళ్ళే కదా అని వేశాను అన్నాడు ఆపరేటరు. ఇంటి నుంచి. అంతకుమించి అడగలేదు చిన్నది, అడగడానికేముంది, ఇంట్లో ఉన్నది ముగ్గురు, తనూ అక్కా బావా. తను చెయ్యలేదు. అక్క, ఆ డిపోలో తనకిదే ఆఖరి వారం కదా అని, తెల్లవారగానే అక్కడికి వెళ్ళిపోయింది. ఇక మిగిలింది బావే. బావ టైలరు, కింది గదిలో కుట్టు మిషను, మేడ మీద చిన్నది గది. టీ ఇచ్చే వంకతో పైకొచ్చి, వెనక నిలబడి, ఇదేం పొర, అదేం పొర అని ఆరా తీసి, ఆహా అని తల పంకించి వెళ్ళిపోతాడు. ఆ ఆరా అంతా ఇందుకన్నమాట. ముదురు రంగు గుడ్డ అక్కకి ఏనాడైనా కుట్టాడా? పెళ్ళయిన కొత్తలో అక్క మెరూన్ రంగు గుడ్డ ముచ్చటపడి తెచ్చుకుంటే, ఇది వద్దులే, ఇందులో మొహం కనబడదు అన్నాడు. పందొమ్మిదేళ్ళయింది ఆ మాట అని. అక్క నవ్వేసి ఆ గుడ్డని దిండు గలీబులకి ఇచ్చేసింది, అక్క మర్చిపోయిందేమో, చిన్నది మాత్రం మర్చిపోలేదు. ఆ దిండు మీద తల పెట్టుకున్నప్పుడల్లా బావ మీద పళ్ళు కొరుకుతూనే ఉంది. మొహం కనబడదట! కనబడని మొహం నీకెందుకయ్యా, ఎదురుగా కూర్చుని వడ్డించుకుని తింటావే రోజూ, అప్పుడు కనబడుతుందా? ఫోన్ చేస్తే ఎత్తడు. మూడుసార్లు చేసింది. ఎత్తడు మరి, ఏ మొహం పెట్టుకుని ఎత్తుతాడు.

బర్రుమంటూ ఇంకో పట్టీ. జుట్టు అయిపోవస్తోంది, పాపిట కనబడుతోంది, పాపిట దగ్గర రెండు తెల్ల వెంట్రుకలు, వాటిని కూడా వదలకుండా వేసింది. నుదురు ఇంకా మొదలు కాలేదు. నుదురు వస్తేగాని రంగు సంగతి తెలియదు, అందాకా ఊపిరి బిగబట్టాలి. ఆపరేటరు ఈసారి ఆ పొరని తీసేశానండి, చూడండి అని తెర మీద చూపించాడు, అయినా నమ్మకం లేదు. నమ్మకం ఎలా ఉంటుంది, పాల సంగతి తనకంటే బాగా తెలిసినవాళ్ళెవరు? ఆ పేరు పుట్టింది తను తొమ్మిదేళ్ళు పనిచేసిన స్టూడియోలో. ఫోటో ఇస్తే దాన్ని చూసి కంప్యూటరు మీద చేత్తో వేసినట్టు బొమ్మ గీసి, ఫ్రేము కట్టి ఇచ్చే స్టూడియో. వచ్చినవాళ్ళు కుర్చీలో కూర్చోగానే, ఉన్నది ఉన్నట్టు వెయ్యండమ్మా అనేవాళ్ళు. అంటూనే చెయ్యి గాలిలో ఇలా తిప్పి, కాకపోతే కాస్త… అనేవాళ్ళు. ఆ కాస్త ఏమిటో ఎవరూ నోటితో చెప్పరు. చెప్పాల్సిన పని లేదు. వాళ్ళు అటు వెళ్ళగానే స్టూడియో ఓనరు, ఏమ్మా, ఒక గ్లాసా, రెండు గ్లాసులా అని అడిగేవాడు. ఒక గ్లాసండి. పెళ్ళికూతురైతే రెండు. ఒకసారి నెలల బిడ్డ ఫోటో తెచ్చి కూడా చెయ్యి గాలిలో తిప్పారు, పాలు తాగే బిడ్డకి ఇంకా పాలు పోయించారు. అందరూ పడీపడీ నవ్వుకున్నారు ఆ రోజు. తను కూడా నవ్వింది. తనే అందరికంటే గట్టిగా నవ్వింది. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండిపోతోంది.

ఒక్కో మొహానికి మళ్ళీ మళ్ళీ అన్ని పొరలూ పెట్టుకోవడం దేనికని, ఒక ఖాళీ ఫైలు తయారుచేసి పెట్టుకుంది. కింద బూడిద, దాని మీద ఎరుపు, పసుపు, నీలం, నీడ, మెరుపు, అన్నిటికంటే పైన, మొహాన్ని తెల్లబరిచే పాలు. కొత్త మనిషి వస్తే ఆ ఫైలు తెరవడం, గీసెయ్యడం. స్టూడియో మానేసి సొంతంగా మేడ మీద పెట్టుకున్నాక కూడా అదే ఫైలు. అక్కని వెయ్యడానికి కూర్చున్న రోజున కూడా, చేతి అలవాటు, అదే ఫైలు తెరిచింది. పాలు కనబడింది. దాని పక్కన ఉండే కన్ను బొమ్మ మీద నొక్కి మూసింది. మూసిందంతే, చెరిపెయ్యలేదు. ఒక్క మీట నొక్కితే పోయేదాన్ని, ఎందుకు ఉంచినట్టు? ఏమో, ఉంటే ఏం పోయిందిలే అనుకుంది. పొరలన్నీ ఒకటిగా కలిపేసి పంపినా ఏ గొడవా ఉండకపోను. ఆపరేటరు, కాన్వాసు రంగు తాగేస్తుందండి, ముదురు చోట్ల ముద్దయిపోతుంది, లేయర్లు విడివిడిగా ఇస్తే సర్దుకుంటాను అన్నాడు, దానికితోడు ఎనిమిది రోజుల పనితనం ఒక పనివాడి కంటబడాలని తనకీ లోలోపల గొప్ప. గొప్ప! ఇంట్లో దొంగని పెట్టుకుని తాళంచెవి కూడా వాడి చేతికిచ్చినట్టయింది. బావని తిట్టడం అయ్యాక ఇక తనని తాను తిట్టుకుంది, మనసులో కాదు, పైకే, ఆపరేటరు తనని కాదు కదా అని ఒకసారి తల ఎత్తి చూసి దించుకున్నాడు.

నుదురు మొదలైంది. కుర్చీ చివరికి జరిగి ముందుకి వంగింది. మొదటి పట్టీలో ఏమీ తెలియలేదు, రెండోదానిలో గోధుమ, మూడోదానిలో… అదీ. అది అక్క. నుదుటి మధ్య కిటికీ వెలుగు పడి నీలంగా మెరిసే చోటు, దాని చుట్టూ కాచిన బెల్లం రంగు, కణతల దగ్గరికి వచ్చేసరికి అందులోంచి ఎరుపు లేచి, జుట్టు మొదట్లో దాదాపు నలుపులోకి దిగిపోవడం. ఈ రంగు కలపడం పుస్తకాల్లో ఉండదు. తనకి పని నేర్పిన మాస్టారు రంగు ముట్టుకోనిచ్చేవాడే కాదు, ఆరు నెలలు ఒట్టి బూడిదలోనే వేయించాడు. ముందు టోను తేల్చుకోవే, వెలుగెక్కడ, నీడెక్కడ, రెండింటికీ మధ్య ఎన్ని మెట్లు, అది తేలితే పైన నువ్వు పచ్చరంగు పూసినా మనిషి మనిషిలాగే ఉంటాడు, అది తేలకపోతే బంగారం పూసినా బొమ్మే అనేవాడు. తెల్ల మొహంలో ఆకారాన్ని నీడ చెబుతుంది, నల్ల మొహంలో మెరుపు చెబుతుంది అనేవాడు, నల్ల మొహం వెయ్యడం చేతనైతేనే చేతనైనట్టు, తెల్లవాటిని ఎవడైనా వేస్తాడు. అంత చెప్పించుకుని, ఆ మెరుపు మీద తొమ్మిదేళ్ళు గ్లాసులు గ్లాసులు పోసింది. పోస్తే ముందు చచ్చేది మెరుపే. నీడలు తేలిపోతాయి, మెరుపులు పాలిపోతాయి, మధ్య మెట్లన్నీ కూలిపోయి మొహం పళ్ళెంలా చదునైపోతుంది, ఆ పళ్ళేన్ని చూసి ఇంటిల్లిపాదీ, అబ్బ ఎంత బాగుందో అని మురిసిపోతారు.

ఎనిమిది సాయంత్రాలు కూర్చుంది అక్క. డ్యూటీ దిగి, చొక్కా కూడా మార్చుకోకుండా, మేడ మీద కిటికీ పక్క కుర్చీలో. ఫోటో చూసి వెయ్యనని చిన్నదే పట్టుబట్టింది, ఎందుకంటే అక్క ఫోటోల్లో ఒక్కటీ అక్కలా లేదు, ఒకదానిలో స్టూడియోవాడు దట్టించిన పౌడరు, ఒకదానిలో ఫ్లాషు, ఇప్పటివాటిలో ఫోనే దానంతట అది తెల్లబరచిన చెంపలు. కూర్చున్న పది నిమిషాలకే కునుకు తీసేది. కునికినా కనుబొమ్మ మాత్రం అలాగే లేచి ఉండేది. అప్పుడు చూసింది చిన్నది, ఇన్నేళ్ళు పక్కనే ఉండి చూడనిది: కిటికీ వైపు చెంప రెండో చెంప కంటే ఒక మెట్టు ముదురు. ఇరవై ఆరేళ్ళ ఎండ బస్సు కిటికీలోంచి ఒకే వైపున పడి పడి, ఆ చెంపా, ఆ మెడా, ఆ వైపు చెయ్యీ కమిలిపోయాయి. రెండు చెంపలకీ రెండు వేరు ఎరుపులు పెట్టాల్సి వచ్చింది. ఆ ఒక్క మెట్టు తేడా కోసం మూడు సాయంత్రాలు పట్టింది, ఒక రోజు ఎక్కువైంది, ఒక రోజు తక్కువైంది, మూడో రోజు కుదిరింది, కుదిరినప్పుడు చేతిలో పెన్ను కింద పెట్టి కాసేపు ఊరికే కూర్చుండిపోయింది. ఇది పాల కింద ఎక్కడుంది? పొద్దున వేసినదానిలో రెండు చెంపలూ ఒకటే, ఇస్త్రీ చేసిన గుడ్డలా. ఇరవై ఆరేళ్ళ ఎండని ఒక్క మీటతో తుడిచేశాడు బావ. అంతకుముందు మేనత్త తుడిచింది, పెద్దదానికి రంగు పంచడం మర్చిపోయి చిన్నదానికి రెండు వాటాలూ ఇచ్చేశాడు దేవుడు అని వచ్చిన ప్రతిసారీ అని, ప్రతిసారీ నవ్వి. ఆ నవ్వుకి చిన్నదాని బుగ్గ గిల్లేవాళ్ళు, అక్క నీళ్ళ గ్లాసులు తెచ్చిచ్చేది.

ఇక ఆగలేకపోయింది. ఫోన్ తీసి, ఎత్తని బావకి మాట రికార్డు చేసి పంపిస్తే అయినా వింటాడులే అని, నోటి దగ్గర పెట్టుకుని మొదలుపెట్టింది. "బావా, నీకు సిగ్గుందా? పందొమ్మిదేళ్ళు కాపురం చేసి ఆ మనిషి రంగు నీకింకా మింగుడు పడలేదా? నా పనిలో వేలు పెట్టడానికి నీకెన్ని గుండెలు? నీ కత్తెర తీసుకుని నువ్వు కుట్టిన చొక్కా చేతులు నేను కోసేస్తే ఊరుకుంటావా? రేపటి నుంచి నా గదిలోకి టీ తెచ్చావంటే ఆ టీ నీ నెత్తినే పోస్తాను." పంపేసింది. పంపి, కాస్త తేలికపడి, ఇంకా మిగిలిందని గుర్తొచ్చి మళ్ళీ ఫోన్ ఎత్తబోతుంటే, గదికి ఆ మూల నుంచి దగ్గు వినిపించింది. రొంప దగ్గు కాదు.

"అమ్మా, మీరేమీ అనుకోకపోతే ఒక మాట," అన్నాడు ఆపరేటరు, కళ్ళజోడు చేతిలోకి తీసుకుని. "ఫోన్ చేసింది మగవాళ్ళు కాదండి. ఆడవాళ్ళు. ఆ బొమ్మ నాదేనయ్యా, నేనే చెబుతున్నాను అన్నారు."

మిషన్ ఒక పట్టీ వేసింది. ఇంకో పట్టీ వేసింది. కనుబొమ్మలొచ్చాయి, ఎడమది పైకి లేచి. చిన్నదానికి ముందు నవ్వొచ్చింది, ఈయన ఎవరి ఫోనో ఎవరిదో అనుకుంటున్నాడని. తర్వాత ఐదో సాయంత్రం గుర్తొచ్చింది. కునుకులోంచి లేచి, ఒళ్ళు విరుచుకుని, అక్క తెర దగ్గరికొచ్చి నిలబడింది. పొరల పేర్లు ఒక్కొక్కటే చదివింది, బూడిద, ఎరుపు, పసుపు, పైనున్నది చదివి, ఇదేంటే పాలు, వంటిల్లా అంది. అదా, అది నీకక్కర్లేదులే, అది ఊళ్ళోవాళ్ళకి, అని చిన్నది నవ్వుతూ ఊరికే చూపించడానికి పాలు పక్కనున్న కన్ను తెరిచింది. తెర మీద అక్క తెల్లబడింది. కన్ను మూసింది. అక్క మళ్ళీ అక్క అయింది. చూశావా, ఎంత ఘోరంగా ఉందో అంది చిన్నది. ఏదీ, ఇంకోసారి చూపించు అంది అక్క. చూపించింది. ఇంకోసారి అంది. ఆటలా ఉందేమో అనుకుని చూపించింది, మూడోసారి విసుక్కుంది కూడా, పనుంది వెళ్ళవే అని. ఈ అచ్చు షాపు కార్డు బల్ల మీదే పడుండేది. చిన్నది మాస్టారు చెప్పినవన్నీ చూసింది, రెండు చెంపల మధ్య ఒక్క మెట్టు తేడా చూసింది, ఎదురుగా నిలబడి ఇంకోసారి ఇంకోసారి అన్న మనిషి మొహం మాత్రం చూడలేదు.

అక్కకి ఫోన్ చేసింది. రెండో రింగుకే ఎత్తింది. వెనక ఇంజన్ల మోత, ఎవరో ఎవర్నో పిలుస్తున్నారు.

"పొద్దున షాపుకి ఫోన్ చేసింది నువ్వా?"

"ఆఁ, నేనే. అయిపోయిందా అచ్చు?"

"నువ్వే?"

"ఎన్నిసార్లు చెప్పాలే? నా మొహం, నాకు కావలసినట్టు వేయించుకున్నాను. నీకెందుకంత మంట?"

నాకెందుకా! ఎనిమిది రోజులు కళ్ళు పొడుచుకుని గీసిన నాకెందుకా అని అందుకుంది చిన్నది, గొంతు గదంతా మోగింది, నీ మొహం మీద నీకే నమ్మకం లేకపోతే నేనేం చెయ్యను, నువ్వు కూడా ఆ చెయ్యి గాలిలో తిప్పేవాళ్ళలో కలిసిపోయావా, ఎవరో ఏదో అంటారని సిగ్గుపడే మనిషివా నువ్వు, బస్సు తోలతానని నాన్నకి ఎదురు నిలబడినదానివి, నువ్వా ఇలా… అక్క మధ్యలో ఆపలేదు. అంతా విన్నది. విని, "అయిందా?" అంది. "ఊరందరికీ గ్లాసులు గ్లాసులు పోస్తావు. నేనడిగితే మాత్రం నీతులు చెబుతావు. పోనీలే. ఈ డిపోలో నన్నేమని పిలుస్తారో నీకు తెలుసా?"

"అక్కా అనేగా."

"పెనమక్క."

పెనం. ఆ మాట చెవిలో పడగానే చిన్నదానికి నిప్పు అంటుకుంది. "ఎవడు? ఎవడు పెట్టాడా పేరు? చెప్పక్కా, పేరు చెప్పు చాలు, రేపు వచ్చి అందరి ముందూ వాణ్ణి కడిగి పారేస్తాను, పటం సంగతి తర్వాత, ముందు వాడెవడో చెప్పు." అక్క చెప్పలేదు. ఇంజన్ మోత వినబడుతోంది, ఎవరో హారన్ కొట్టారు. ఎందుకు మాట్లాడదు? భయమా? అక్కకి భయమేంటి? ఆ మాట్లాడకపోవడంలో ఎక్కడో అమ్మ పొయ్యి మీద పెనం పెట్టింది. ఆరేళ్ళ పిల్ల పొయ్యి గట్టు పట్టుకుని మునివేళ్ళ మీద నిలబడి పెనం అడుగు చూసింది, పక్కన నిలబడ్డ అక్క చెయ్యి చూసింది, మళ్ళీ పెనం చూసింది. అమ్మా, అక్క పెనం అంది. ఎంత నవ్వారో ఇంట్లో. అమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది, నాన్న పేపరు పక్కన పెట్టి నవ్వాడు, ఇంకోసారి అను అన్నారు, అంది, ఇంకోసారి అంది. పదేళ్ళు అంది, ముద్దుగానే అంది, అక్క అనేదానికంటే ఆ మాటే నోటికి బాగా తిరిగేది. పదిహేనేళ్ళప్పుడు, అక్క ఉద్యోగంలో చేరిన మొదటి వారమే, టిఫిన్ డబ్బా ఇంట్లో మర్చిపోతే ఇవ్వడానికి డిపోకి వెళ్ళింది. పెద్ద ఆవరణ, ముప్ఫై బస్సులు, అన్నీ ఒక్కసారే రొద పెడుతున్నాయి, అక్క అటు చివర ఒక బస్సు ఎక్కబోతోంది. అక్కా అంటే ఈ రొదలో వినబడదని, ప్రతివాడికీ ఎవరో ఒక అక్క ఉంటుందని, తిరిగి చూడాలంటే తమ ఇద్దరికే తెలిసిన పేరు కావాలని, అరచేతులు నోటికి అడ్డం పెట్టుకుని, ఉన్న ఊపిరంతా కూడదీసుకుని, పెనం, ఏయ్ పెనం అని అరిచింది. అక్క తిరిగి చూసింది. అందరూ తిరిగి చూశారు.

"గుర్తొచ్చిందా," అంది అక్క, మెల్లిగా. తిట్టినట్టు కాదు, తిట్టినా బాగుండేది. "మర్నాటికి అందరి నోటా అదే. పొద్దున ఇంజన్ స్టార్ట్ చేస్తే, పెనం వేడెక్కిందా అనేవాళ్ళు. ఎదురుగా ఉన్నప్పుడు ఎవడైనా అంటే తిరిగి అనేదాన్ని, ఒకడి చెంప కూడా పగలగొట్టాను, నీకు చెప్పలేదులే. మరి పటం ఏమంటుందే? మేకుకి వేలాడుతూ పడుంటుంది. రోజూ అన్నం తింటూ దాని వంక చూసి అదే అంటారు, కొత్తగా చేరినవాళ్ళకి కూడా చెప్పి మరీ అంటారు. నేను అక్కడ ఉండను."

పొద్దున నుంచి ఎవరెవరి మీదో విసిరిన కోపమంతా, ఆపరేటరు మీదా, బావ మీదా, గ్లాసుల ఓనరు మీదా, మేనత్త మీదా, అన్నీ ఒక్కొక్కటే వచ్చి తన ఒళ్ళోనే పడ్డాయి. పడి చల్లారలేదు, ఇంకా మండాయి. ఏడుపు కాదు ఇది, కోపమే, కానీ ఈసారి దీన్ని విసరడానికి ఎదురుగా ఎవరూ లేరు. "రేపు నేనొస్తాను," అంది, "వచ్చి, అందరి ముందూ నిలబడి, ఆ పేరు పెట్టింది నేనే, తప్పు నాదే అని చెబుతాను."

"ఎవరికి చెబుతావ్?"

"అందరికీ."

"వాళ్ళకెందుకే? నాకు చెప్పాల్సింది నాకు చెప్పు."

ఇంతసేపు ఊరంతటినీ తిట్టిన నోరు. చిన్న మాట, మూడేళ్ళ పిల్లలు కూడా అనేస్తారు, ఆ నోటికి తిరగలేదు. మిషన్ కళ్ళు దాటి చెంపల్లోకి దిగింది, ఒక చెంప, దానికంటే ఒక మెట్టు ముదురుగా రెండో చెంప. ఆపరేటరు మర్యాదకి అటు తిరిగి కాగితాలు సర్దుకుంటున్నాడు. అక్క ఫోన్ పెట్టెయ్యలేదు, తొందరపెట్టనూ లేదు, బస్టాపులో ముసలివాళ్ళు ఎక్కేదాకా ఆగే మనిషి కదా, అలాగే ఆగింది.

"తప్పయిపోయిందక్కా," అంది చిన్నది.

"ఊఁ," అంది అక్క. "ముప్ఫై ఐదేళ్ళు పట్టింది నీకు."

"మరి రేపు… ఏది తీసుకురాను?" అడిగింది, ఇప్పుడు మనసు మారి ఉంటుందేమోనన్న ఆశ గొంతులో దాచుకోలేకపోయింది.

"తెల్లదే."

"అక్కా!"

"తెల్లదే తీసుకురా. సిగ్గుపడి అంటున్నానని అనుకోకు. ఇరవై ఆరేళ్ళు రోజూ వాళ్ళ కళ్ళెదురుగా తిరిగాను, చూడటం చేతకాలేదు వాళ్ళకి. ఇప్పుడు గోడకి కొట్టి చూపించాలా? వాళ్ళకి ఎలా కావాలో అలా పడేసి వద్దాం. నా రంగు వాళ్ళకివ్వను నేను." ఎవరో పిలుస్తున్నట్టున్నారు, వస్తున్నా అని అటు కేకేసింది. "ఇప్పుడు వేయిస్తున్నావే, అది ఇంటికి పట్టుకురా. బాగా ఆరనిచ్చి చుట్టు, మడత పడిందంటే ఊరుకోను. మీ బావకి ఫోన్ చేసి ఏమన్నా వాగావా?"

"వాగాను."

"ఆయనకి నువ్వే చెప్పుకో," అని పెట్టేసింది.

పెదవులొచ్చాయి, గెడ్డం వచ్చింది, గెడ్డం కింద లోతు వచ్చింది, మెడ, కాలరు, జేబు మీద బిళ్ళ. మిషన్ ఆఖరి పట్టీ వేసి నిట్టూర్చి ఆగిపోయేసరికి గదిలో ఫ్యాను చప్పుడు కూడా వినపడింది. ఆపరేటరు కత్తెరా, అట్ట గొట్టం పట్టుకుని మెల్లిగా దగ్గరికొచ్చి, కరుస్తుందేమోనన్నట్టు రెండడుగుల దూరంలోనే ఆగి, ఏది కట్టమంటారమ్మా అన్నాడు.

"బల్ల మీదున్నది కట్టండి, అది డిపోకి. ఎలా కట్టినా ఫరవాలేదు."

"మరి ఇదో?" అంటూ తడి కాన్వాసు అంచు మీద చెయ్యి వెయ్యబోయాడు.

"దాన్ని ముట్టుకోకండి," అంది చిన్నది కుర్చీలోంచి లేచి. "అది మా అక్క."